కొమ్ము పెట్టె: నంగారా చప్పుడు కోసం మేము చేసిన సబ్‌వూఫర్

(మదనపల్లెలో సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ముగ్గురం. ఒకరు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లు, ఒకరు డిప్లొమా మధ్యలో మానేసినవాళ్లు, ఒకరు పుంగనూరులో చెక్కపనికి పోతున్నవాళ్లు. ముగ్గురిలో ఎవరూ సౌండ్ ఇంజినీర్లు కాదు. అయినా పెద్దలు పిలిచి "మీరు చేసిన ఆ పెద్ద పెట్టె సంగతి మన పిల్లలకు చెప్పండి" అన్నారు. మాకు ఉపన్యాసం ఇవ్వడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాము. లెక్కలు కూడా చెప్తాము. లెక్కలు వచ్చినప్పుడు బయటికి పోయి టీ తాగి రావద్దని మాత్రం మనవి.

అసలు ఇది ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. మా తాండాలో తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, మొలకల చుట్టూ తిరుగుతూ పాడతారు. నంగారా ఒకరు కొడతారు, కంచు థాళి ఒకరు మోగిస్తారు. పాటలన్నీ గోర్‌బోలిలోనే. అవి ఏ పుస్తకంలోనూ లేవు. మా తాండాలో వాటిని మొదటి నుంచి చివరిదాకా పాడగలిగేవాళ్లు ముగ్గురో నలుగురో అవ్వలు మిగిలారు.

ఒక ఏడాది మేమే, మేము ముగ్గురమే, చందాలు పోగేసి బయటి నుంచి డీజే సెట్టు తెప్పించాము. జనరేటరు లారీతో వచ్చింది. పెద్ద పెద్ద పెట్టెలు, రంగు లైట్లు. పిల్లలు ఎగిరారు, మేమూ ఎగిరాము. అవ్వ పాట ఎత్తుకుంది, రెండు చరణాలు పాడింది, ఆపేసింది. థాళి కింద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది. మరుసటి రోజు అడిగితే "నా పాట నాకే వినబళ్లేదురా, ఇంక ఎవరికోసం పాడాలి?" అంది. ఆ మాట మాకు గట్టిగా తగిలింది. ఇంకోటి కూడా జరిగింది. మాలో ఒకరు ఆ రాత్రి పెట్టెల ముందరే నిలబడ్డారు. మూడు రోజులు చెవుల్లో గుయ్‌మని మోత. ఇప్పటికీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎడమ చెవిలో సన్నగా వినబడుతూనే ఉంటుంది. డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్న మోత అది, ఎవరిని అనగలం?

మరుసటి ఏడాది డీజే వద్దన్నాము. మామూలు మైకుసెట్టు పెట్టాము. చెట్టుకు కట్టే ఆ బూడిద రంగు గొట్టాలు. అవ్వ గొంతు నాలుగు పొలాల అవతలికి వినబడింది కానీ నంగారా మాయమైపోయింది. టక్ టక్ అని కర్ర తగిలిన చప్పుడే తప్ప, కింద నుంచి వచ్చే ఆ గుమ్ము లేదు. గుమ్ము లేకపోతే కాలు కదలదు. ముసలివాళ్లు చుట్టూ కూర్చుని చూశారు, ఎవరూ లేవలేదు. అప్పుడు మాకు అర్థమైంది, మాకు కావలసింది పెద్ద మోత కాదని. అవ్వ గొంతు గొంతులాగా, నంగారా నంగారాలాగా వంద గజాల దూరం పోవాలి. తాండా కరెంటుతోనే, మా దగ్గరున్న చిన్న ఆంప్లిఫయరుతోనే పోవాలి. మా లైనులో ఓల్టేజి సంగతి మీకు తెలియంది కాదు. సాయంత్రం మోటార్లు వేస్తే బల్బు ఎర్రబడుతుంది.

తక్కువ కరెంటుతో ఎక్కువ చప్పుడు అని వెతుకుతుంటే కొమ్ము దగ్గరికి వచ్చి ఆగాము.

మేకల కాడ ఉన్నవాళ్లు దూరంగా ఉన్నవాళ్లను ఎట్లా పిలుస్తారు? రెండు చేతులూ నోటికి గరాటాలాగా పెట్టుకుని పిలుస్తారు. గొంతు అదే, ఊపిరి అదే, దూరం మాత్రం ఎక్కువ పోతుంది. జాతరలో కొమ్ము ఊదేవాళ్లను చూసే ఉంటారు. మొదట్లో సన్నం, చివరికి వెడల్పు. పెదవులు చేసే చిన్న అదురుడును ఊరంతా వినిపించేది ఆ ఆకారమే. ఇంగ్లీషులో హార్న్ అన్నా, మనం కొమ్ము అన్నా ఎద్దు తల మీద ఉండేదాని పేరే. అందుకే మా పెట్టెకు కొమ్ము పెట్టె అని పేరు పెట్టుకున్నాము.

ఎందుకట్లా జరుగుతుంది? స్పీకరు కోన్ బరువైనది, గాలి తేలికైనది. వేలితో విసురుకుంటే గాలి రాదు, అదే చేటతో విసిరితే వస్తుంది. మామూలు పెట్టెలో స్పీకరు వేలితో విసిరినట్టే. ముందుకూ వెనక్కూ బాగా కదులుతుంది కానీ గాలి పక్కకు జారిపోతుంది. ఇచ్చిన కరెంటులో నూటికి ఒకటి రెండు పాళ్లు చప్పుడయితే గొప్ప, మిగతాదంతా కాయిల్‌లో వేడి. కొమ్ము ఏం చేస్తుందంటే, కోన్ ముందు ఇరుకు గొంతు పెట్టి గాలిని జారిపోనివ్వకుండా పట్టుకుంటుంది. ఆ ఒత్తిడిని కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తూ తీసుకుపోయి పెద్ద నోటి దగ్గర బయటి గాలికి అప్పగిస్తుంది. చిన్న కోన్ పెద్ద చేట అయిపోతుంది. సైకిలుకు గేరు ఉన్నట్టు అనుకోండి. పెద్ద పెద్ద కొమ్ములు బాగా కుదిరితే నూటికి ఇరవై, ముప్ఫై పాళ్లు కూడా చప్పుడుగా మారుస్తాయి.

మరి చెట్టుకు కట్టే మైకు గొట్టం కూడా కొమ్మే కదా, అందులో నంగారా ఎందుకు పోలేదు? ఈ ప్రశ్నలోనే అసలు విద్యంతా ఉంది. చప్పుడు గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సెకనుకు 1000 సార్లు అదిరే చప్పుడుకు ఒక్కో అల పొడవు 34 సెంటీమీటర్లు. 40 సార్లు అదిరే చప్పుడుకు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే ఇంటి కంటే పొడుగు. కొమ్ము పొడవు అలలో కనీసం నాలుగో వంతు ఉండాలి, నోటి చుట్టుకొలత దాదాపు అల పొడవంత ఉండాలి. 40 హెర్ట్జ్‌కు లెక్క వేస్తే పొడవు రెండు మీటర్ల పైన, నోరు గుండ్రంగా చేస్తే అడ్డం 2.7 మీటర్లు వస్తుంది. తొమ్మిది అడుగుల నోరు! మైకు గొట్టం నోరు రెండడుగులు కూడా ఉండదు. అందుకే అందులో అవ్వ గొంతు పోయింది, నంగారా పోలేదు.

తొమ్మిది అడుగుల నోరు ఎవరూ మోయలేరు. కానీ నేల మనకు సాయం చేస్తుంది. పెట్టెను నేల మీద పెడితే చప్పుడు కిందికి పోవడానికి లేదు కాబట్టి సగం నోరు చాలు. నేల, గోడ రెండూ ఉంటే నాలుగో వంతు. గది మూలలో పెడితే ఎనిమిదో వంతు. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఆయన ఈ మూల సంగతి పట్టుకునే గది గోడలనే కొమ్ములో భాగం చేశాడు. 1946లో ఆర్కాన్సాలోని హోప్ అనే చిన్న ఊళ్లో రేకుల షెడ్డులో కంపెనీ మొదలుపెట్టి అమ్మాడు. ఆ క్లిప్ష్‌హార్న్ ఇప్పటికీ తయారవుతూనే ఉంది. జమైకాలో, తరువాత ఇంగ్లండులో ఉన్న జమైకా వాళ్ల పేటల్లో, పాటలు వినిపించుకోవడానికి జనం తమ పెట్టెలు తామే చేసుకున్నారు. వాళ్లు వాడిన స్కూప్ పెట్టెలు కూడా కొమ్ము జాతివే. హాలుకు పోయే దారి లేనివాళ్లు వీధిలోనే హాలు కట్టుకున్నారన్నమాట. టామ్ డాన్లీ అని ఇంకో అమెరికా ఆయన, సౌండు పనివాళ్లతో కలిసి రెండు 12 అంగుళాల స్పీకర్ల కొమ్ము డిజైన్ చేసి, ఎవరైనా చేసుకోండని కొలతలతో సహా ఇచ్చేశాడు. దాన్ని ల్యాబ్ సబ్ అంటారు. డేవిడ్ మెక్‌బీన్ అనే ఆస్ట్రేలియా ఆయన హార్న్‌రెస్ప్ అనే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పెట్టాడు. ఈ ఇద్దరి సంగతి ముందే తెలిసుంటే మా మొదటి పెట్టె పాడయ్యేది కాదు.

ఆ మొదటి పెట్టె సంగతి సిగ్గుపడుతూనే చెప్తాము. ఫోనులో ఒక స్కూప్ పెట్టె ఫోటో చూశాము. మనిషి పక్కన నిలబడి ఉన్నాడు కాబట్టి వాడి ఎత్తును బట్టి కొలతలు అంచనా వేశాము. నవ్వకండి, నిజంగానే అట్లా చేశాము. పాత ప్లైవుడ్ తెచ్చి, చేతికి దొరికిన 15 అంగుళాల స్పీకరు బిగించాము. ఆన్ చేస్తే బ్రహ్మాండంగా మోగింది. ఒక పాట, రెండు పాటలు. మూడో పాటలో లోతైన సింథసైజర్ చప్పుడు ఒకటి వచ్చింది. పెట్టె ఏమీ పలకలేదు కానీ కోన్ మాత్రం చెయ్యి బయటికి చాపినట్టు ఊగింది. తరువాత గరగర. తరువాత కాలిన వాసన. రెండు నెలల కూలి డబ్బులు పొగయిపోయాయి.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి మాకు ఆర్నెల్లు పట్టింది, మీకు ఒక నిమిషంలో చెప్తాము. కొమ్ముకు ఒక అడుగు హద్దు ఉంటుంది. దాని కంటే కింది చప్పుళ్లకు కొమ్ము గాలిని పట్టుకోలేదు. పట్టు వదిలేస్తే కోన్‌కు అడ్డే ఉండదు, నిండు బిందె అనుకుని ఖాళీ బిందెను గట్టిగా లాగితే మనమే వెనక్కు పడ్డట్టు. అందుకే హద్దు కింద చప్పుళ్లను ఆంప్లిఫయరుకు ముందే కోసేయాలి. దాన్ని హై పాస్ ఫిల్టరు అంటారు. ఇప్పుడు మేము 38 హెర్ట్జ్ దగ్గర కోస్తాము. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని స్పీకర్లు కాలిపోతున్నాయో!

రెండోసారి తొందరపడలేదు. ముందు ఏం కావాలో రాసుకున్నాము. మా నంగారాను రికార్డు చేసి చూస్తే అసలు గుమ్ము 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంది. తోలు ఎండకు బిగిస్తే పైకి పోతుంది, మబ్బు పట్టిన రోజు కిందికి దిగుతుంది. జాతరలో కొట్టే పలకలు ఇంకా పైనే. కాబట్టి 30 హెర్ట్జ్ వరకు పోవలసిన పని మాకు లేదు. 40 దగ్గర ఆగితే నంగారా నిండుగా వస్తుంది, మామూలు పాటలకూ సరిపోతుంది. ఇక్కడ ఆశపడితే చెడతాము. హద్దును సగానికి దించాలంటే కొమ్ము పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలు కావాలి. పెట్టె ఎనిమిదింతలు అవుతుంది.

తరువాత స్పీకరు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు బస్సులో పోయి వెతికాము. డబ్బా మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని రాసి ఉంటుంది, దాన్ని చూసి కొనకండి. ప్రతి స్పీకరుకూ దాని జాతకం లాంటి కొలతలు ఉంటాయి. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరి పేర్ల మీద వాటిని థీల్-స్మాల్ కొలతలు అంటారు. కొమ్ముకు పెద్ద అయస్కాంతం, గట్టి కోన్ ఉన్న స్పీకరు కావాలి. ఆ కొలతల్లో క్యూటీఎస్ అనేది 0.3 దగ్గర ఉంటే మంచిది. కాగితం పల్చగా ఉన్న కోన్ పెడితే గొంతు దగ్గరి ఒత్తిడికి చిరిగిపోతుంది. కొలతలు ఇవ్వని స్పీకరయితే ఇంట్లోనే కొన్ని కొలుచుకోవచ్చు. స్పీకరుతో వరసలో వంద ఓముల రెసిస్టరు పెట్టి, ఫోను యాప్‌తో టోను ఇచ్చి, చిన్న ఆంప్లిఫయరు పెట్టి, స్పీకరు చివరల మీద మల్టీమీటరుతో ఓల్టేజి చూడాలి. టోను మారుస్తూ పోతే ఒకచోట ఓల్టేజి అన్నిటికంటే ఎక్కువ అవుతుంది. అదే ఆ స్పీకరు సొంత అదురుడు. మాలో ఐటీఐ చదివినవాళ్లకు ఆ రోజు తమ చదువు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఇప్పుడు కొలతలు. 15 అంగుళాల కోన్ పని చేసే వైశాల్యం సుమారు 850 చదరపు సెంటీమీటర్లు. గొంతు దాంట్లో సగం, 425. కొమ్ము పొడవు 210 సెంటీమీటర్లు. నోరు 60 ఇంటు 60, అంటే 3600. లోపలి వెడల్పు మొదటి నుంచి చివరిదాకా 60 సెంటీమీటర్లే ఉంచాము, ఎత్తు ఒక్కటే మారుతుంది. అట్లా అయితే చెక్కపని సులువు. కొమ్ము సరిగా పెరగడమంటే, ఒకే దూరానికి ఒకే రెట్టింపు చొప్పున పెరగడం. మా లెక్కలో ప్రతి 68 సెంటీమీటర్లకు వైశాల్యం రెట్టింపు అవుతుంది. ఎత్తు మొదట 7 సెంటీమీటర్లు, 68 దగ్గర 14, 136 దగ్గర 28, 204 దగ్గర 57, చివరికి 60. మొదట్లో ఏమీ పెరగనట్టే ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. వడ్డీ లెక్క తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి ఈ నోరు చిన్నదే. గోడ వారగా నేల మీద పెట్టినా దీనికి నాలుగింతల నోరు ఉండాలి. చిన్న నోటికి శిక్ష ఏమిటంటే, చప్పుడు అన్ని స్వరాల్లో సమానంగా రాదు. కొన్నిచోట్ల ఉబ్బుతుంది, కొన్నిచోట్ల తగ్గుతుంది. హార్న్‌రెస్ప్‌లో గీత చూస్తే కొండలూ లోయలూ కనబడతాయి. నాలుగు పెట్టెలు పక్కపక్కనే పేరిస్తే నాలుగు నోళ్లు ఒక నోరయి ఆ కొండలు చదునవుతాయి. మా దగ్గర నాలుగింటికి డబ్బులు లేవు. ఒక పెట్టెతో సర్దుకున్నాము, ఎక్కువగా ఉబ్బినచోట ఈక్వలైజరుతో కొంచెం తగ్గించాము.

రెండు మీటర్ల కొమ్మును పెట్టెలో పట్టించాలంటే మడవాలి. ఇక్కడ మాకు పెద్ద సాయం చేసింది మా ఎరుకల స్నేహితుడి మామ. ఆయన బుట్టలు అల్లుతాడు. మేము సుద్దముక్కతో నేల మీద నిలువెత్తు బొమ్మ గీస్తూ, ఆ వంపు కుదరక తంటాలు పడుతుంటే చూసి, ఒక వెదురు బద్ద చీల్చి తెచ్చాడు. మేము లెక్కగట్టిన చోట్ల మేకులు కొట్టించి, వాటి మీదుగా బద్దను వంచి పెట్టాడు. వంపు దానంతట అదే వచ్చేసింది! ఆ బద్ద వారగా గీత గీసి, దాన్ని మూడు మడతలుగా చేసి, వంపులకు బదులు తిన్నటి పలకలు ఎక్కడెక్కడ సరిపోతాయో గుర్తు పెట్టుకున్నాము. పడవలు కట్టేవాళ్లు కూడా ఇట్లాగే బద్ద వంచి గీస్తారని తరువాత తెలిసింది. మామకు ఈ సంగతి చెప్తే "గుమ్మి అల్లేవాడికి ఇదొక లెక్కా?" అన్నాడు.

కోయడం, బిగించడం పుంగనూరులో జరిగింది. 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ రెండు షీట్లు పట్టింది. చవక బోర్డుకు పోకండి, ఒక్క వానకు అటుకుల్లాగా ఉబ్బుతుంది. మాలో ఒకరు పని చేసే చోట ఆచారి గారు ఆదివారాలు రంపం మిషన్ వాడుకోనిచ్చారు. మొదట ఆయనకు మా మీద నమ్మకం లేదు. "లోపల ఇన్ని పలకలెందుకురా, ఇది బీరువానా, పావురాల గూడా?" అని ఎగతాళి చేశారు. మూడో ఆదివారం ఆయనే పెన్సిలు చెవిలో పెట్టుకుని "ఈ మూల దగ్గర గాలి కొట్టుకుంటుంది, అడ్డంగా ఒక ముక్క వెయ్యండి" అని చెప్పే స్థాయికి వచ్చారు. చెప్పింది కరెక్టే. ప్రతి కీలుకూ జిగురు నిండుగా పూసి, స్క్రూలు దగ్గర దగ్గరగా వేసి, పెద్ద పలకల మధ్య రీపర్లు కొట్టాము. పలక అదిరితే ఆ శక్తి బయటికి రాదు, చెక్కలోనే పోతుంది.

స్పీకరు వెనక గది పూర్తిగా మూసి ఉండాలి. గాలి చుక్క కూడా కారకూడదు. లోపల బందీ అయిన గాలి స్ప్రింగులాగా పనిచేసి కోన్‌ను అదుపులో పెడుతుంది. కారుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? 40 హెర్ట్జ్ టోను పెట్టి, కీళ్ల వెంబడి అగరుబత్తి నడిపించండి. కారేచోట పొగ గుటుక్కు గుటుక్కుమని ఎగురుతుంది. మాకు మూడుచోట్ల ఎగిరింది. మూత పలకకు ఫోము పట్టీ వేశాక ఆగింది. బయటి కొలత వెడల్పు రెండడుగుల పైన, ఎత్తు రెండున్నర, లోతు మూడడుగుల పైన వచ్చింది. బరువు మాత్రం నలుగురు పట్టాలి. కింద చక్రాలు వేయకుండా మొదటిసారి మోసినవాళ్ల నడుములు ఇప్పటికీ మమ్మల్ని తిడుతున్నాయి.

పాత మామూలు పెట్టెను, కొత్త పెట్టెను ఒకే దూరంలో పెట్టి, ఒకే ఓల్టేజి ఇచ్చి ఫోనుతో కొలిచాము. ఫోను చూపించే అంకె నిజమైన డెసిబెళ్లు కాకపోవచ్చు, కానీ రెండింటి మధ్య తేడాను నమ్మవచ్చు. 60 హెర్ట్జ్ దగ్గర ఏడు డెసిబెళ్ల తేడా వచ్చింది. అంటే అదే చప్పుడు పాత పెట్టెలో రావాలంటే అయిదింతల కరెంటు కావాలి. వాళ్లు వెయ్యి వాట్లు పెట్టే చోట మాకు రెండు వందలు చాలు. మాకున్నది మూడు వందల వాట్ల ఆంప్లిఫయరు.

పెట్టె మోగింది కానీ నంగారా ఇంకా మనసుకు రాలేదు. దెబ్బ ఒకచోట, గుమ్ము ఒకచోట అన్నట్టు ఉంది. వారం రోజులు బుర్ర పట్టుకున్నాము. తీరా చూస్తే కారణం చాలా చిన్నది. గుమ్ము రెండు మీటర్ల కొమ్ములో నడిచి రావాలి, దానికి ఆరు మిల్లీసెకన్లు పడుతుంది. పైన పెట్టిన చిన్న స్పీకర్ల నుంచి కర్ర దెబ్బ మాత్రం తిన్నగా వచ్చేస్తుంది. చిన్న స్పీకర్లను ఆరు మిల్లీసెకన్లు ఆలస్యం చేసే డిలే పెట్టాము. అప్పుడు నంగారా ఒక్క వాద్యమయింది. డిలే లేనివాళ్లు చిన్న స్పీకర్లను కొమ్ము నోటికి రెండు మీటర్లు వెనక్కు జరిపినా పని జరుగుతుంది.

మొదటిసారి బయటికి తీసుకుపోయింది కుప్పం వైపు ఒక తాండాకు, చుట్టాల ఊరు. టాటా ఏస్‌లో పెట్టి పలమనేరు, వి.కోట మీదుగా పోయాము. కుప్పం దగ్గర మీకు తెలుసు కదా, ఒక మాట తెలుగు, ఒక మాట తమిళం, ఒక మాట కన్నడం. మా పెట్టె చూసి మూడు భాషల్లోనూ అడిగారు, ఇందులో స్పీకరు ఏదీ అని. ముందు నుంచి చూస్తే స్పీకరు కనబడదు, చీకటి నోరు ఒక్కటే కనబడుతుంది. పిల్లలు లోపలికి దూరి కూర్చోబోయారు. అందుకే తరువాత గ్రిల్ వేశాము, మీరు మాత్రం మొదటే వేయండి.

ఆ రాత్రి అవ్వ కూడా మాతో వచ్చింది. మేమే బతిమాలి తెచ్చుకున్నాము. సామూహిక భవనం గోడ వారగా పెట్టె పెట్టి, నంగారాకు ఒక మైకు, అవ్వకు ఒక మైకు పెట్టాము. పెట్టె ముందర తాడు కట్టి ఎవరినీ నిలబడనివ్వలేదు. అవ్వ పాట ఎత్తుకుంది. మేము మిక్సరు దగ్గర గుమ్మును కొంచెం కొంచెం పెంచుతూ పోయాము. మాకు ఇంకా పెంచాలని చెయ్యి దురద. అవ్వ పాడుతూనే మా వైపు చూసి అరచెయ్యి కిందికి ఊపింది. తగ్గించాము. మళ్లీ ఊపింది. ఇంకా తగ్గించాము. అప్పుడు తలూపింది. ఆ మీట ఎక్కడ ఆగిందో అక్కడ మేము టేపు ముక్క అంటించాము, అది ఇప్పటికీ అక్కడే ఉంది. మేము అనుకున్న దాంట్లో సగం కూడా కాదు అది. ముసలివాళ్లు లేచారు, ఆడపిల్లలు చేతులు పట్టుకుని తిరిగారు. అవ్వ ఒక పాట కాదు, పదకొండు పాటలు పాడింది. వాటిలో నాలుగు మేము ఎప్పుడూ వినలేదు. అదే మిక్సరు నుంచి రికార్డు చేసుకున్నాము.

చప్పుడు గురించి చట్టం కూడా చెప్పాలి, లేకపోతే రేపు పోలీసులు వచ్చినప్పుడు మమ్మల్ని తిట్టుకుంటారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 హద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కొలత మనిషి చెవి తీరుకు తగ్గట్టు వేసేది కాబట్టి లోతైన గుమ్మును తక్కువగా చూపిస్తుంది. మీటరులో తక్కువున్నా గుమ్ము గోడల్లోంచి దూరి పక్కింటి పసిబిడ్డను లేపుతుంది. మీటరు చూసి మురిసిపోకుండా పక్కింట్లో అడగండి.

చెవి సంగతి ఇంకా ముఖ్యం. పని స్థలాల కోసం అమెరికా ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెళ్లలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి మూడు డెసిబెళ్లకు సమయం సగం చెయ్యాలి. 88లో నాలుగు గంటలు, 100లో పదిహేను నిమిషాలు. డీజే పెట్టెల ముందర నూరు దాటడం పెద్ద విషయం కాదు. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. మాలో ఒకరి ఎడమ చెవి మీకు సాక్ష్యం. మేము మిక్సరు దగ్గర దూది కాదు, మందుల షాపులో దొరికే ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటాము. దూది పనికిరాదు.

ఇప్పుడు కొందరు తమ్ముళ్లు పెళ్లిళ్లకు అద్దెకు ఇమ్మని అడుగుతున్నారు. ఈ విషయంలో మా ముగ్గురికే గొడవ ఉంది, దాచేదేముంది. ఒకరు ఇవ్వాలంటారు, రెండో పెట్టెకు డబ్బులు వస్తాయని. ఒకరు వద్దంటారు, అద్దెకు పోయిన చోట టేపు ముక్క దాటి మీట పెంచుతారని. మూడోవాళ్లు మధ్యలో ఉన్నారు, అంటే ఏమీ తేల్చరు. ఇంతవరకు పుంగనూరు చుట్టుపక్కల రెండు తాండాలకు, ఒక ఎరుకల కాలనీకి ఉచితంగా తీసుకుపోయాము, బండి ఖర్చు, అన్నం మాత్రమే. మాతో పాటు మాలో ఒకరు మిక్సరు దగ్గర కూర్చుంటారనేది షరతు.

రెండో పెట్టె బొమ్మ గీసి ఉంది. మొదటిదానికి తోడుగా పెడితే నోరు రెట్టింపు అవుతుంది. ఒక్కో పెట్టెకు అంతే కరెంటు ఇచ్చినా మొత్తం చప్పుడు ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది. కానీ పెంచడం కోసం కాదు, అదే చప్పుడు ఇంకా నునుపుగా రావడం కోసం. ఈ నెలలో ప్లైవుడ్ కొంటాము. కోతపని పుంగనూరులోనే, ఆదివారాల్లో. వెదురు బద్ద, మేకులు, నేల మీద బొమ్మ ఈసారి మీరే వేయాలి. గుణకారం వస్తే చాలు. ఆడపిల్లలు కూడా రండి. పోయినసారి అగరుబత్తి పట్టుకుని మూడో కన్నం కనిపెట్టింది మా చెల్లెలే, మేము ముగ్గురం రెండుసార్లు వెతికి కూడా దాన్ని చూడలేదు.

అవ్వకు ఈ ఏడాది కాస్త నలతగా ఉంది. తీజ్ లోపల మిగతా పాటలు కూడా రికార్డు చేయించాలని అనుకుంటున్నాము. దానికి కొమ్ము పెట్టె అక్కర్లేదు, మంచి మైకు ఒకటి, ఎదురుగా కూర్చుని ఓపికగా వినేవాళ్లు ఇద్దరు కావాలి. గోర్‌బోలి రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సభ అయ్యాక మమ్మల్ని కలవండి, బయట వేపచెట్టు కింద ఉంటాము.